తెచ్చి ఇచ్చిన తుపాకి

నేను సహాయ పబ్లిక్ ప్రాసిక్యూటరుగా పనిచేసి రిటైరయ్యాను. నా ఉద్యోగమంతా కర్ణాటకలో తెలుగు మాట్లాడే చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి కోర్టుల మధ్యే గడిచింది. పోలీసులు పెట్టిన కేసును ప్రభుత్వం తరఫున మేజిస్ట్రేటు ముందు నడిపించడం నా పని. పల్లెల నుంచి వచ్చే సాక్షులు నన్ను "పీపీ అమ్మ" అని పిలిచేవాళ్ళు. మా నాయన, తాత గుళ్ళో పూజ చేసినవాళ్ళు. నేను నల్లకోటు వేసుకున్న రోజు మా నాయన ఒక్క మాటే అన్నాడు. "అక్కడ కూడా అబద్ధం చెప్పొద్దమ్మా." చెప్పకుండా ఉండటం కష్టం కాదు. ఇంకొకరు రాసిన అబద్ధాన్ని నా చేతికిచ్చి చదవమన్నప్పుడు ఏం చేయాలన్నదే అసలు కష్టం.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు నన్ను చూడ్డానికి వస్తుంటారు. ఆయుధాల చట్టం కేసులు ఎలా నడపాలని అడుగుతారు. సెక్షన్లు పుస్తకంలో ఉన్నాయి, చదువుకోండి అంటాను. పుస్తకంలో లేనిది ఇక్కడ రాస్తున్నాను. ఇది ఒక తుపాకి కేసు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. అందువల్ల ఈ రాతలో శాంతం తక్కువగా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు. ఏ స్టేషను, ఏ కోర్టు అన్నది చెప్పను. మనుషుల పేర్లు కూడా మార్చాను.

ఇంట్లో మిగిలిన తుపాకి

మా వైపు చెనక్కాయ, అంటే వేరుశనగ, పంట చేతికొచ్చే కాలానికి అడవి పందులు కొండ దిగుతాయి. ఒక్క గుంపు పడితే చేను తవ్విపోసినట్టవుతుంది. అందుకే వెనకటి నుంచీ కొందరు రైతులకు పంట కాపాడుకోవడానికి తుపాకి లైసెన్సు ఇచ్చారు. గొట్టంలో మందు దట్టించి పేల్చే ఒంటిగొట్టం తుపాకి అది. ఎక్కువసార్లు గాల్లోకే పేలుస్తారు. ఆ శబ్దానికి పందులు పారిపోతాయి.

వెంకటరాయప్ప అలాంటి లైసెన్సు ఉన్న రైతు. గుండెనొప్పితో చేనులోనే పోయాడు. భార్య లక్ష్మీదేవమ్మ, ఒక్కడే కొడుకు మంజునాథ మిగిలారు. ఆమె పుట్టినిల్లు సోమేనహళ్ళి. చదువుకోలేదు కానీ మాట సూటిగా ఉంటుంది. మంజునాథ లారీ తోలుతూ, సర్కారు బస్సు డ్రైవరు ఉద్యోగానికి పరీక్ష ఇచ్చి, అందులో నెగ్గి, ఆర్డరు కోసం ఎదురుచూస్తున్నాడు.

లైసెన్సు అనేది మనిషికి ఇస్తారు, ఇంటికి కాదు. ఆ మనిషి పోతే తుపాకి ఇంట్లో ఉంచుకునే హక్కు కూడా పోతుంది. వారసులు అనవసరంగా ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషనులోనో, లైసెన్సున్న తుపాకుల వ్యాపారి దగ్గరో దాన్ని అప్పగించాలి. తర్వాత కావాలంటే వారసుడు తన పేరుకు లైసెన్సు అడగవచ్చు, లేదా అమ్ముకోవచ్చు. చట్టం చెప్పేది ఇంతే. ఈ సంగతి మా పల్లెల్లో చాలామందికి తెలియదు. లక్ష్మీదేవమ్మకూ తెలియదు. కానీ భర్త తుపాకి ఇంట్లో ఉంటే ఆమెకు భయం.

కర్మాంతరాలు అయిపోయాక తల్లీకొడుకులు తుపాకిని గోనెసంచిలో చుట్టి బస్సెక్కారు. స్టేషనుకు పోయారు. "మా ఆయన పోయినాడు, ఇది మాకొద్దు, తీసుకోండి" అని బల్ల మీద పెట్టారు.

అది ఎన్నికల ముందు కాలం. లైసెన్సులేని ఆయుధాలు పట్టుకోవాలని పైనుంచి ఒత్తిడి. ఆ స్టేషనులో అప్పటికి ఒక్కటీ పట్టుకోలేదు. నడుచుకుంటూ వచ్చి బల్ల మీద పడిన తుపాకిని చూసి ఇన్‌స్పెక్టరు తల్లిని బయట కూర్చోమన్నాడు. కొడుకును లోపల ఉంచాడు. సాయంత్రానికి కాగితాలు తయారయ్యాయి. నమ్మకమైన సమాచారం అందిందట. పోలీసులు జీపులో కొండ దారికి పోయారట. అక్కడ మంజునాథ లైసెన్సులేని తుపాకితో, వేటకు పోతూ, వాళ్ళను చూసి పారిపోబోయాడట. వెంటపడి పట్టుకున్నారట.

రిమాండు రోజు

మరుసటి రోజు అతన్ని కోర్టుకు తెచ్చారు. నేను కాగితాలు చదువుతుండగా వరండాలోంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

"మేమే తెచ్చిస్తిమి కదప్పా! తెచ్చిచ్చినోణ్ణి దొంగంటారా? యాడ పట్టుకున్నారు మీరు? ఏ కొండ మీద పట్టుకున్నారు?"

కానిస్టేబులు ఆమెను బయటకు నెడుతున్నాడు. నేను పిలిపించి కూర్చోబెట్టాను. ప్రాసిక్యూటరు ముద్దాయి తల్లిని కూర్చోబెట్టకూడదని ఏ చట్టంలోనూ లేదు. జరిగిందంతా చెప్పింది. విని, కాగితాలు మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఆమె చెప్పినదానిలో ఎక్కడా అతుకు లేదు. కాగితంలో ఉన్నదానికి అన్నీ అతుకులే. వేటకు పోయేవాడి దగ్గర మందు లేదు, గుళ్ళు లేవు. తుపాకి చుట్టిన గోనెసంచి మాత్రం జప్తు చేసిన వస్తువుల్లో ఉంది. వేటకు పోయేవాడు తుపాకిని గోనెలో మూటకట్టుకుని పోతాడా?

ఇన్‌స్పెక్టరును పక్కకు పిలిచి అడిగాను.

"మేడమ్, లైసెన్సు ఉండాదా వానికి? లేదు. తుపాకి వాని చేతిలో ఉండెనా? ఉండె. ఇంకేం కావాల?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

"తుపాకి అప్పగించమని చట్టమే చెప్తుంది. అప్పగించాలంటే చేత్తో పట్టుకోకుండా ఎట్ల తెస్తారప్పా?"

"అదంతా కోర్టులో చూసుకుందాం లే మేడమ్."

ఆ నేరానికి పడే శిక్ష ఏడేళ్ళ లోపు. అలాంటి నేరాల్లో ముందు నోటీసు ఇచ్చి పిలవాలి. అరెస్టు తప్పదనుకుంటే ఎందుకు తప్పదో రాయాలి. ఆ కాగితాల్లో కారణమన్నదే లేదు. ఈ మాట నేను లేచి కోర్టుకు చెప్పాను. మేజిస్ట్రేటు అప్పుడే ఉద్యోగంలో చేరిన కుర్రవాడు. ఒకసారి నావైపు, ఒకసారి ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. "పోలీసుల మీద ఏమైనా ఫిర్యాదు ఉందా?" అని మంజునాథను అడిగాడు. అడిగేటప్పుడు ఆ పోలీసులే అతని రెండు పక్కలా నిలబడి ఉన్నారు. మంజునాథ తల అడ్డంగా ఊపాడు. "ఎన్నికల సమయం కదా మేడమ్" అని మేజిస్ట్రేటు జైలుకు రాసేశాడు.

పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. మనిషి బతుకు చాలాసార్లు తీర్పు రోజున పాడవదు. ఆ మొదటి రోజే, ఎవరూ తలెత్తి చూడని ఆ కొద్దిసేపట్లోనే పాడవుతుంది. రిమాండు కాగితం మీద సంతకం సులభం. దాన్ని తుడవడానికి ఏళ్ళు పడుతుంది.

జామీను, అంటే బెయిలు, అర్జీ వచ్చినప్పుడు నేను వ్యతిరేకించలేదు. అభ్యంతరం లేదని రాసిచ్చాను. మంజునాథ బయటికొచ్చాడు. అదే రోజు మా పైఅధికారి ఫోన్ చేశాడు.

"ఏమమ్మా, ఆయుధాల కేసులో జామీనుకు ఒప్పుకున్నారంట? మీకు జీతమిచ్చేది ఎవరు?"

"సర్కారే సార్. తుపాకి తెచ్చిచ్చిన ఆ తల్లీకొడుకులు కూడా సర్కారు కిందనే కదా ఉండేది."

"ఉపన్యాసాలొద్దు. పోలీసులు కష్టపడి పట్టుకుంటే మీరు విడిపిస్తాండారు."

కష్టపడి పట్టుకున్నారన్న మాట విని నాకు నవ్వు రాలేదు. ఫోను పెట్టేసి కాగితం తీసుకున్నాను. ఈ కేసు ఉపసంహరించుకోవడానికి అనుమతి ఇవ్వండని, కారణాలతో సహా రాసి పంపాను. కోర్టు ఒప్పుకుంటే ప్రాసిక్యూటరు కేసును వెనక్కి తీసుకోవచ్చు, ఆ అధికారం మనకుంది. కానీ ఆచరణలో పైవాళ్ళు తల ఊపనిదే కదలదు. "నడపండి" అని జవాబు వచ్చింది.

లైసెన్సులేని తుపాకి కేసు నడపాలంటే జిల్లా మేజిస్ట్రేటు ముందుగా అనుమతి ఇవ్వాలి. అమాయకుణ్ణి ఇరికించారేమో ఒక పెద్ద అధికారి చూడాలని పెట్టిన కాపలా అది. ఈ కేసులో ఆ అనుమతి వచ్చింది. "దస్తావేజులన్నీ పరిశీలించి, సంతృప్తి చెంది" అని అందులో ఉంది. ఎవరు పరిశీలించారు? ఏం చూసి సంతృప్తి చెందారు? ఆ గోనెసంచి ఒక్కటి కళ్ళ పడినా ఆ సంతకం పడేది కాదు. కాపలా మనిషి నిద్రపోతే తలుపుకు గడియ ఎందుకు?

పెళ్ళిలో పేలిన పిస్తోలు

అదే కాలంలో, ఇంకో స్టేషను నుంచి ఇంకో తుపాకి కేసు నా దగ్గరికి వచ్చింది. రెండూ పక్కపక్కనే చెప్పకపోతే నా కోపం మీకు అర్థం కాదు.

ఒక పెద్ద కుటుంబం పెళ్ళి ఊరేగింపు. పెళ్ళికొడుకు మేనమామకు లైసెన్సు పిస్తోలు ఉంది. తాగి గాల్లోకి పేల్చాడు. రెండోసారి చెయ్యి వాలింది. డోలు వాయించే నాగరాజు భుజంలో గుండు దిగింది. వేడుకల్లో ఇలా పేల్చడం నేరమని చట్టంలో ఇప్పుడు ప్రత్యేకంగా చేర్చారు. మనిషికి గాయమైతే అది ఇంకో నేరం.

అక్కడ అరెస్టు లేదు. నోటీసు ఇచ్చారు. మంజునాథకు దొరకని మర్యాద అది. ఆ మేనమామ ఇస్త్రీ బట్టల్లో, కారులో కోర్టుకు వచ్చాడు. పిస్తోలు తుడుస్తుంటే పొరపాటున పేలిందని కాగితాల్లో రాశారు. ఊరేగింపు నడిమధ్యలో, డోలు మోగుతుంటే, పిస్తోలు తుడుస్తున్నాడట!

విచారణలో ఒక్కొక్క సాక్షీ "నేను చూడలేదు" అన్నాడు. చివరికి నాగరాజు బోనెక్కాడు. ఆ భుజం పైకి లేవదు.

"ఎవరు పేల్చారప్పా?" అని అడిగాను.

"తెలీదమ్మా. నేను డోలు చూస్తాంటి."

బయటికొచ్చాక నా దగ్గరికి వచ్చి, "తిట్టుకోవద్దమ్మా. ఈ ఊర్లో పెండ్లిండ్లకి నన్ను పిలిచేది వాళ్ళే" అన్నాడు. అతన్ని నేను ఏమని తిట్టను? లైసెన్సు రద్దు చేయమని నేను పైకి రాశాను. కేసు కొట్టేశారు, పిస్తోలు తిరిగి ఇచ్చారు. కాల్చినవాడు ఆ పిస్తోలు నడుముకు పెట్టుకుని ఇంటికి పోయాడు. తెచ్చిచ్చినవాడు వాయిదా వాయిదాకూ కోర్టు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

టీ అంగడి సాక్షి

మంజునాథ కేసు విచారణకు వచ్చేసరికి మేజిస్ట్రేటు మారాడు. వాయిదాలు పడుతూనే వచ్చాయి. సాక్షి రాడు, పోలీసులు బందోబస్తు అంటారు, లాయర్లు కోర్టు బహిష్కరిస్తారు. ఈలోగా డ్రైవరు ఉద్యోగానికి పోలీసు విచారణ నడిచింది. కేసు ఉందని రాశారు. ఉద్యోగం ఇంకొకరికి పోయింది.

పోలీసులు ఏదైనా జప్తు చేస్తే ఇద్దరు బయటి మనుషుల ముందు మహజరు అనే జప్తు పత్రం రాయాలి. కొండ దారిలో తుపాకి జప్తు చేసినప్పుడు చూశామని సంతకం పెట్టిన ఇద్దరిలో ఒకడు చనిపోయాడు. రెండోవాడు రామచంద్ర. స్టేషను ఎదురుగానే టీ అంగడి. కోర్టుకు వచ్చిన రోజు నా గదిలోకి పిలిచి, పత్రం చదివి వినిపించాను. అతను నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"ఆ కొండ దారికి పోయినారా?"

"నాకు ఆ దారే తెలీదమ్మా."

"మరి సంతకం?"

"పిలిచినారు, పెడితి. పెట్టకుంటే తెల్లారి అంగడి యాడ పెట్టుకునేది? నాకూ పిల్లలుండారు." తర్వాత నావైపు చూసి అడిగాడు. "ఇప్పుడు ఏమని చెప్పమంటారమ్మా?"

ఈ ప్రశ్న ప్రతి ప్రాసిక్యూటరుకూ ఎదురవుతుంది. "కాగితంలో ఉన్నట్టే చెప్పు" అనే ప్రాసిక్యూటర్లు ఉన్నారు. చాలామంది ఉన్నారు. కేసులు గెలిచినవాళ్ళని వాళ్ళకే పేరు కూడా వస్తుంది.

"చూసింది చెప్పు రామచంద్రా. చూడంది చెప్పొద్దు. అంతకు మించి నేను నీకు ఏదీ నేర్పను" అన్నాను.

బోనులో ప్రమాణం చేయించాక మొదటి ప్రశ్న నేనే అడిగాను. "ఈ తుపాకిని మొదట ఎక్కడ చూశారు?"

"స్టేషన్లో. బల్ల మీద ఉండె. టీ ఇచ్చేకి పోతి."

"అక్కడ ఎవరున్నారు?"

"ఈ అబ్బాయి ఉండె. వాళ్ళమ్మ బయట బెంచీ మీద కూర్చోని ఏడుస్తాండె. నా మొగుడు పోయినాడు, తుపాకి ఇచ్చేకి వస్తిమి అని నాతోనే చెప్పె. ఆయమ్మకి గూడా ఒక టీ ఇస్తి."

మంజునాథ లాయరు శివన్న కాగితాల మీది నుంచి తలెత్తి నన్నే చూస్తున్నాడు. ప్రభుత్వ సాక్షి ఇలా మాట్లాడితే, అతను ఎదురు తిరిగాడని ప్రకటించమని ప్రాసిక్యూటరు అడగడం ఆనవాయితీ. మేజిస్ట్రేటు అదే అడిగాడు.

"మేడమ్, సాక్షి ఎదురు తిరిగాడని రాసుకోవాలా?"

"అక్కర్లేదు సార్. ఆయన ఎవరికీ ఎదురు తిరగలేదు. నిజం చెప్తున్నాడు."

వెనక బెంచీలో కూర్చున్న ఇన్‌స్పెక్టరు లేచి బయటికి పోయాడు. అతని వంతు వచ్చిన రోజు శివన్న రెండే విషయాలు అడిగాడు. జీపు కొండ దారికి పోయినట్టు స్టేషను రికార్డులో ఎందుకు లేదు? వెంకటరాయప్ప చనిపోయాక ఆ తుపాకి సంగతి స్టేషను ఎప్పుడైనా విచారించిందా? రెండింటికీ "గుర్తులేదు" అన్నాడు. అదే మనిషి మంజునాథ పారిపోబోయిన తీరు మాత్రం పూసగుచ్చినట్టు చెప్పాడు.

అనుమానం

కేసు కొట్టేశారు. ఆ రోజు లక్ష్మీదేవమ్మ సంతోషపడుతుందని అనుకున్నాను. శివన్న తీర్పులోని ఆఖరి మాటలు తెలుగులో చెప్పాడు. ప్రభుత్వం నేరాన్ని రుజువు చేయలేకపోయింది కాబట్టి, అనుమానపు లాభాన్ని ముద్దాయికి ఇచ్చి విడుదల చేస్తున్నాము.

"అనుమానమేందయ్యా? ఇంకా అనుమానముండాదా?" అంది ఆమె. "టీ అంగడి ఆయప్ప చెప్పె కదా. అందరూ వింటిరి కదా. నా కొడుకు ఏ తప్పూ చేయలేదని రాసేకి ఆ సారుకి కలం రాలేదా?"

ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. "నిర్దోషి" అని తేల్చి రాయడానికీ, "రుజువు కాలేదు" అని వదిలేయడానికీ చాలా తేడా ఉంది. రెండో మాట వెంట అనుమానం బతికే ఉంటుంది. మంజునాథ మళ్ళీ సర్కారు ఉద్యోగానికి ప్రయత్నిస్తే అదే మాట చూపించి పక్కన పెట్టారు. అతను లారీలోనే ఉండిపోయాడు. హైదరాబాదు రోడ్డు మీద తిరుగుతుంటాడు. ఒకసారి బాగేపల్లి దగ్గర కనిపిస్తే ఆపి పలకరించాను. "బాగుండానమ్మా" అన్నాడు. మళ్ళీ లారీ ఎక్కి పోయాడు.

అబద్ధపు కేసు పెట్టిన అధికారి మీద విచారణ జరపాలని నేను రాసి పంపాను. జవాబు లేదు. గుర్తుచేస్తూ మళ్ళీ రాశాను. నన్నే ఇంకో కోర్టుకు మార్చారు. ఇన్‌స్పెక్టరుకు ఏమీ కాలేదు. పైగా ఆ ఎన్నికల్లో బాగా పనిచేశాడని మెచ్చుకున్నారు.

ఇప్పుడు పాత చట్టాల స్థానంలో కొత్తవి వచ్చాయి. సెక్షన్ల అంకెలు మారాయి. జప్తును వీడియో తీయాలంటున్నారు, మంచిదే. కానీ కెమెరా ఎటు తిప్పాలో నిర్ణయించేది ఆ పోలీసు చేతులే. ప్రాసిక్యూటరు పోలీసుల లాయరు కాదు. శిక్ష వేయించడం ఆయన గెలుపు కాదు. ఇది మీకు శిక్షణలో మొదటి రోజే చెప్తారు. మొదటి ఫోన్ వచ్చేదాకా అందరికీ గుర్తుంటుంది.

ఆ ఊరి తుపాకులు

రిటైరయ్యాక లక్ష్మీదేవమ్మ పల్లె నుంచి ఆదెప్ప అనే రైతు మా ఇంటికి వచ్చాడు. చిన్నాయన పోయాడు, ఇంట్లో తుపాకి మిగిలింది.

"బాయిలో వేద్దామనుకుంటిమమ్మా. లక్ష్మీదేవక్క మిమ్మల్ని అడిగి వేయమనె."

"బాయిలో వేస్తే నేరమప్పా. స్టేషన్లో ఇచ్చేయాలి."

"మంజుగాడు ఇచ్చె కదా" అన్నాడు. మిగతాదీ తనే చెప్పాడు. "మా ఊర్లో అప్పట్నించి ఎవురూ ఇయ్యలేదు. ఇంకా రెండిండ్లలో ఉండాయి. గడ్డివాముల్లో దాచినారు. ఇచ్చేకి భయం, ఉంచుకునేకి భయం."

ఇదీ ఆ ఇన్‌స్పెక్టరు సాధించినది. లెక్కకు ఒక తుపాకి చూపించుకోవడానికి ఒక ఊరు ఊరంతా తుపాకులు దాచుకునేలా చేశాడు. చట్టం ఏమి కోరుకుందో సరిగ్గా దానికి వ్యతిరేకంగా జరిగింది, చట్టం పేరుతోనే.

నేను చెప్పులేసుకుని ఆదెప్పతో బయలుదేరాను. వాళ్ళ ఊరికి పోయి, తుపాకి తీసుకుని స్టేషనుకు వచ్చాం. స్టేషనులో ఉన్నది కొత్త అధికారి, నన్ను గుర్తుపట్టాడు. కుర్చీ వేశాడు. తుపాకి తీసుకుని, నంబరు సరిచూసి, రసీదు రాసిచ్చాడు. టీ చల్లారేలోగా పని అయిపోయింది. ఎంత సులభమైన పని! మంజునాథ విషయంలోనూ అంతే సులభంగా అయిపోవలసిన పని.

బయటికొచ్చాక ఆదెప్ప రసీదును మడిచి జేబులో పెట్టుకుని, స్టేషను వైపు ఒకసారి తిరిగి చూశాడు.

"ఆ రెండిండ్లోళ్ళకీ చెప్తానమ్మా, ఇచ్చేయమని" అన్నాడు. తర్వాత సంకోచిస్తూ అడిగాడు. "వాళ్ళతో కూడా మీరు వస్తారా?"

"వస్తాను."

"మీరు లేని ఊర్లోళ్ళు ఎవర్ని పిల్చుకోని పోవాలమ్మా?"